వారమంతా ఆదివారమే

మా అత్త సూర్నారాయణ సామికి
ఆదివారం ఉప్పు ఒగ్గేసీది.
కాపరానికొచ్చిన కాడినించి నానూ ఒగ్గేసినాను.
ఆరు రోజులు తిని ఒక్కరోజు మానీడం
అంత పెద్ద లెక్కలోది కాదు, నిజం సెప్పాల.

పోయినేడు పలాస ఆస్పత్రిలో డాక్టరు గోరు
మా ఆయన కాయితం సూసి
ఉప్పు కాడ అడ్డగీత గీసీసినారు.
ఇంక మా ఇంట్లో సోమారం నేదు, లచ్చివారం నేదు.
వారమంతా ఆదివారమే.

నీళ్లంటారు, మన్నంటారు, తోటలకి కొట్టిన మందంటారు.
మా ఉద్దానంలో ఈదికి నలుగురున్నారు గానీ
ఎందుకొచ్చిందో తేల్సి సెప్పినోడు నేడు.
కొబ్బరిసెట్టెక్కితే
కాయ నేలని పడకముందే లెక్క సెప్పీ మనిసి
మంగళారం, శుక్కురారం మిషను కాడ తొంగుంటాడు.
రగతం ఈదిలోకెళ్లి కాళ్లు కడుక్కోని
మళ్లీ ఇంట్లోకొచ్చినట్టు వొస్తాది.

మాగమాసంలో మొక్కినాను.
కాయితం మీద ఆరున్న అంకె నాలుక్కి దించు సామీ,
నీ పాదాల మీద కిరణం పడీ పొద్దుటికి
అరసవిల్లొచ్చి పిడకల మీద పాలు పొంగిస్తాను, అని.
ఆరు తొమ్మిదైంది.
కాయితం తల్లకిందులుగా ఒట్టుకున్నానేమో అనుకోని
తిప్పి సూసినాను.
సూదులేసీ జయంతి పక్కుమని నవ్వీసి,
నవ్వినందుకు "నీలాద్రి మావా, ఏటనుకోకు" అని
కళ్లు తుడుసుకుంది.

అయినా ఎల్లినాను.
జీడిపిక్కల బట్టీ కాడ మేస్త్రి అడిగినాడు:
పని జరగనేదు గదా ఢిల్లమ్మా, మొక్కేటి మరి?
నా కాడ జవాబు నేదు.
జీడి తిన్న ఏళ్లు సూపించి
రెండ్రోజుల కూలి కోసుకోమన్నాను.
రైలు తిలారు దాటేక ఒకటి తట్టింది,
మాటిచ్చింది నాను, సామేటీ అన్నేదు గదా అని.
అదీ సరిగ్గా కుదరనేదు.
కిటికీలోంచి మొగలిపొదలు సూసుకుంటూ కూకున్నాను.

సీకట్నే నెగిసి వరసలో నిలబడ్డాను.
గుమ్మం నించి గర్భగుడి దాకా
జనం రెండుగా సీలి ఎలుగుకి దారి ఒగ్గినారు.
ఆరుంబావు. అందరి మెడలూ తూరుపుకే.
మబ్బు.
పెద్దదేటీ కాదు, దుప్పటి సిరుగంత.
కిరణం పడీ ఏళంతా
పని నేనోడు అరుగు మీద కూకున్నట్టు అక్కడే కూకుంది.
ఓ గుంట ఏడ్సింది. సెల్లు పోన్లు పైకెత్తినోళ్లు దించీసినారు.
బొబ్బిలోడంట, ఓ ముసలాయన
"ఎనకాలున్నాడమ్మా, ఎక్కడికి పోతాడు" అన్నాడు.
ఉన్నాడని నాకూ తెల్సు తాతా.
ఉన్నోడు ఓపాలి కనబడితే ఏటి పోతాది?
పైకే అనీసినాను.
ఆయన ఇంక నాకేసి సూడనేదు.

పాలు పొంగించినాను, సెరుకుముక్కతో కలిపినాను.
పిడకల పొగకి కళ్లు మండినాయి.
అది పొగే.

మర్నాడు పొద్దున్న.
ఆయనికి రోజుకి మూడు గ్లాసుల నీళ్లు,
మాత్తర్లు మింగీదాంతో కలిపి.
నానే కొలిసి, మూతలెట్టి బల్ల మీదెడతాను.
గుమ్మం కాడికొచ్చి సూద్దును గదా,
మొదటి గ్లాసు దోసిట్లోకి ఒంపుకోని
తుపానుకిరిగిన కొబ్బరి మోడు మీదకొస్తన్న సూరీడికి
ఏళ్ల సందుల్లోంచి వొదుల్తన్నాడు.

కుళాయి నీళ్లుండగా ఇదేటి బుద్ధని కసిరినాను.
"కుళాయిది పంచాయితీ వోళ్లది.
తాగీ నీళ్లలోంచిస్తేనే గదే నానిచ్చినట్టు."
ఎప్పుటినించి?
"మిషనెక్కిన కాడినించి."
ఆరు తొమ్మిదైన రోజు కూడానా?
ఆ రోజు దోసెడు కాదంట, గ్లాసు మొత్తం పోసీసినాడంట.
కోపంతోటి.

ఆ గ్లాసు నాను మళ్లీ నింపను.
కొలత కొలతే.
దాని మీద మూతెట్టడం మట్టుకు మానీసినాను.